మిద్దెతోట బ్యాగుల లెక్క అడిగితే: నా అనుభవం

హైదరాబాద్‌లో అంబర్‌పేట వైపు మా బస్తీల్లో మిద్దెతోటల పథకం ఒకటి నడిచింది. ప్రభుత్వ సొమ్ముతో ఇంటింటికీ మొక్కలు పెంచే గ్రో బ్యాగులు, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు, వేపపిండి, కూరగాయల విత్తనాలు ఇవ్వాలి. పంచే పని ఒక సంస్థకు అప్పగించారు. విచారణ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ సంస్థ పేరు గానీ, శాఖ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఎవరు తిన్నారో, అసలు తిన్నారో లేదో తేల్చాల్సింది విచారణ చేసేవాళ్లు. నాకు తెలిసిందల్లా, కాగితం మీదున్న బ్యాగులకూ మా మిద్దెల మీదున్న బ్యాగులకూ పొంతన లేదని. ఆ తేడాను కాగితాలతో సహా ఎలా బయటికి తెచ్చామో రాస్తున్నాను. ఎక్కడైనా ఇలాంటి పథకం నడుస్తుంటే ఎవరికైనా పనికొస్తుంది.

ముందే చెబుతున్నా, ఈ పథకం చాలా మంచిది. అంబర్‌పేట దాటాక మూసీ వెంట మురుగునీటితో గడ్డి, ఆకుకూరలు పండిస్తారని మా వైపు అందరికీ తెలుసు. తోపుడు బండి మీద వచ్చే పాలకూర ఏ నీళ్లతో పెరిగిందో అడిగినా చెప్పేవాళ్లుండరు. రెండు గదుల ఇంట్లో ఉండే మనిషి మిద్దె మీద నాలుగు బ్యాగుల్లో తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకుంటే వారంలో రెండు మూడు పూటలు గడుస్తాయి. పిల్లలకు శుభ్రమైన ఆకు దొరుకుతుంది. అందుకే ఈ డబ్బు దారి తప్పితే నాకు అంత బాధ.

నేను బస్తీలోనే చిన్న స్కూల్లో టీచర్ని. మా మిద్దె మీద చాలా ఏళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. అది చూసే ఆ సంస్థ వాళ్లు మట్టి కలపడం, విత్తనం పెట్టడం ఆడవాళ్లకు నేర్పమని నన్ను పిలిచారు. డబ్బులేమీ తీసుకోకుండా ఇష్టంగా వెళ్లాను. ఇల్లిల్లూ తిరిగాను కాబట్టి ఎవరి మిద్దె మీద ఎన్ని బ్యాగులున్నాయో నాకు తెలుసు. ఎక్కువ ఇళ్లల్లో ఆరు, కొన్నిట్లో ఎనిమిది. "మిగతావి రెండో విడతలో వస్తాయి మేడమ్" అని సంస్థ మనిషి చెబుతూ వచ్చాడు. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, రెండో విడత రాలేదు. ఆ తర్వాత కమ్యూనిటీ హాల్లో ముగింపు సభ పెట్టి ఫ్లెక్సీ కట్టారు. ఒక్కో కుటుంబానికి ఇరవై ఐదు బ్యాగులు ఇచ్చినట్టు దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది. హాల్లో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మా వీధిలో ఆడిట్ శాఖలో చేసి రిటైరైన అంకుల్ ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్తే ఇచ్చిన మొదటి సలహా నాకు చివరిదాకా పనికొచ్చింది. "ఎందుకు ఇవ్వలేదు, ఎవరు బాధ్యులు అని అడగకమ్మా. సమాచార హక్కు చట్టంలో ప్రశ్నలకు జవాబు చెప్పాలని లేదు, ఉన్న కాగితం ఇవ్వాలని ఉంది. కాగితం పేరు పెట్టి అడుగు" అన్నారు.

ఇద్దరం కూర్చుని 2005 చట్టం కింద దరఖాస్తు రాశాం. పథకం మంజూరు ఉత్తర్వు, సంస్థతో చేసుకున్న ఒప్పందం, బ్యాగులూ ఎరువూ కొన్న బిల్లులు, స్టాక్ రిజిస్టరు, సంతకాలతో సహా లబ్ధిదారుల జాబితా, ఖర్చు అయిపోయిందని పైకి పంపిన యుటిలైజేషన్ సర్టిఫికెట్, వీటి కాపీలు కావాలన్నాం. స్టాక్ రిజిస్టరు మీద అంకుల్ బాగా పట్టుబట్టారు. బిల్లు ఎవరైనా తెస్తారు గానీ, సరుకు ఏ రోజు లోపలికి వచ్చింది, ఏ రోజు ఎవరికి బయటికి పోయింది అన్నది రిజిస్టరులో కదా ఉండాలి అని ఆయన వాదన. ఇంకో సంగతి కూడా ఆయనే చూపించారు. చట్టంలోని సెక్షన్ 4(1)(బి)లో పన్నెండో అంశం ప్రకారం సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేశారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారులు ఎవరో ఆఫీసులు ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. దరఖాస్తులో ఆ సెక్షన్‌ను ప్రత్యేకంగా రాశాం. పది రూపాయల ఫీజుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు తిరిగి వచ్చిన కార్డు జాగ్రత్త చేశాం. వాళ్లు జవాబివ్వాల్సిన ముప్పై రోజుల గడువు మొదలయ్యేది దరఖాస్తు ఆఫీసుకు అందిన రోజు నుంచే.

గడువు ముగిసే ముందు జవాబు వచ్చింది. మంజూరు ఉత్తర్వు ఇచ్చారు. బిల్లులు మూడో వ్యక్తి వ్యాపార వివరాలు, లబ్ధిదారుల జాబితా వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదు అన్నారు. ఉత్తర్వు వల్ల ఒక్కటి మాత్రం తెలిసింది. ఇంటికి ఇరవై ఐదు బ్యాగులన్న మాట ఫ్లెక్సీ వాళ్ల సొంతం కాదు, ఉత్తర్వులోనే ఉంది.

జవాబు అందిన ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దానికి ఫీజు లేదు. అది 2024. రెండో అప్పీలు వినాల్సిన తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి ఒక్క కమిషనర్ కూడా లేని కాలం. కొత్త ప్రధాన కమిషనర్ వచ్చింది 2025 మేలో. అంటే రెండో అప్పీలు వేసినా వినే మనిషి లేడు. ఏం రావాలన్నా మొదటి అప్పీల్లోనే రావాలి. అందుకే అప్పీలు చాలా శ్రద్ధగా రాశాం. ప్రజల సొమ్ముతో కొన్న సరుకు బిల్లు వ్యాపార రహస్యం ఎలా అవుతుంది? జాబితాలో ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటే కొట్టేసి మిగతాది ఇవ్వండి, సెక్షన్ 10 అందుకే ఉంది అని రాశాం. చివర్లో, కాపీలు ఇవ్వడం కష్టమైతే ఫైలు చూసుకునే అవకాశమైనా ఇవ్వండని అడిగాం. సెక్షన్ 2(జె) కింద ఫైలు చూడటం, నోట్సు రాసుకోవడం, వాడిన సరుకు నమూనా ధ్రువీకరించి ఇమ్మనడం కూడా మన హక్కులే. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. అప్పటికి వ్యక్తిగత సమాచారం గురించిన సెక్షన్ 8(1)(జె)లో, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉండేది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాట తీసేసింది. ఇప్పుడు దరఖాస్తు పెట్టేవాళ్లు సెక్షన్ 8(2) చూపించాలి, ప్రజాప్రయోజనం మాట అక్కడ మిగిలే ఉంది.

అప్పీలు విచారణలో ఆ అధికారిణి మా మాట ఓపికగా విన్నారు. ఫైలు చూపించమని ఉత్తర్వు ఇచ్చారు.

ఫైలు చూసిన రోజు మాత్రం మర్చిపోలేను. చెప్పిన టైముకు నేనూ అంకుల్ వెళ్లాం. మొదటి గంటకు ఫీజు లేదు కాబట్టి ముందు జాబితానే తెరిచాం. పొడుగు రిజిస్టరు, గళ్లు గీసి ఉన్నాయి. పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఇంటి నంబరు, అందుకున్న బ్యాగులు, సంతకం. బ్యాగుల గళ్లో పైనుంచి కిందిదాకా 25, 25, 25. చివరి గళ్లో కొన్ని సంతకాలు, మిగతా అన్నీ వేలిముద్రలు. వేలు జరుపుకుంటూ పేర్లు చదువుతున్నాను. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క పేరు వచ్చింది. ఎదురుగా వేలిముద్ర.

ఆ అక్క పొదుపు సంఘంలో సంతకం నేర్చుకున్న మనిషి. బ్యాంకులో, రేషన్ షాపులో, స్కూల్లో మనవడి ప్రోగ్రెస్ రిపోర్టు మీద, ఎక్కడైనా పెన్ను అడిగి మరీ సంతకం పెడుతుంది. అలాంటి మనిషి వేలిముద్ర ఎందుకు వేస్తుంది? గుండె దడదడ కొట్టుకుంది. అంకుల్ నా మోచేయి తట్టి, ఏమీ అనకుండా ఆ పేజీలో చీటీ పెట్టారు. అలా చీటీలు పెట్టిన పేజీలన్నిటికీ పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టి, ధ్రువీకరించిన కాపీలు తీసుకున్నాం.

సాయంత్రం కాపీ చూపిస్తే ఆ అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం ఆగలేదు. "నేనెందుకేస్తా ఏలిముద్ర? సంతకం నేర్చుకొని పదేండ్లాయె. నా పేరు మీద ఎవరేసిండ్రు టీచరమ్మా?" అంది. బ్యాగులు తక్కువ ఇచ్చారన్న బాధ కంటే ఆ వేలిముద్రే ఆమెకు ఎక్కువ అవమానం అనిపించింది. నాకూ అంతే.

తర్వాత జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఇది సులువు కాదు. అద్దెకున్నవాళ్లు చాలామంది ఇల్లు మారిపోయారు. కొందరు భయపడ్డారు. "పింఛన్ ఆపేస్తరేమో టీచరమ్మా, మాకెందుకు?" అన్న ముసలమ్మకు నేనేం చెప్పగలను? బలవంతం చేయలేదు. ఇష్టపడ్డవాళ్ల దగ్గరే, వాళ్లకు అందినవి ఎన్నో వాళ్ల చేత్తోనే రాయించుకున్నాం. ఇప్పుడు మిద్దె మీద బ్యాగు లేనంత మాత్రాన ఇవ్వలేదని అనకూడదని అంకుల్ గట్టిగా చెప్పారు. మన మే నెల ఎండకు నాసిరకం బ్యాగు పొడిపొడి అయిపోతుంది. అందుకని ఇప్పుడు ఎన్ని ఉన్నాయన్నది వదిలేసి, ఇచ్చిన రోజు ఎన్ని దించారన్నదే అడిగాం.

ఆ నాసిరకం సంగతీ తేల్చాలనిపించింది. బిల్లులో 260 జీఎస్ఎం, యూవీ ట్రీటెడ్ అని ఉంది. అంటే చదరపు మీటరు గుడ్డ 260 గ్రాములు తూగాలి, ఎండకు తట్టుకోవాలి. పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్ల ముక్క కోస్తే 2.6 గ్రాములు రావాలి. చిరిగిన బ్యాగుల్లోంచి స్కేలు పెట్టి కొలిచి ముక్కలు కోశాను. గ్రాములో భాగాలు వంటింటి త్రాసు మీద తేలవు కదా, తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్లాను. షాపాయన ఆశ్చర్యపోతూనే ఒక్కో ముక్కా తూచాడు. ఏ ముక్కా గ్రామున్నర దాటలేదు. ఇది ల్యాబు పరీక్ష కాదు, ఎండకు కొంత నలిగి ఉండొచ్చు కూడా. అందుకే ఫిర్యాదులో దీన్ని ఆరోపణగా రాయకుండా, స్టోరులో మిగిలిన బ్యాగు నమూనా తీసి పరీక్ష చేయించమని కోరాం.

సోమవారం కలెక్టరేట్‌ ప్రజావాణిలో ఫిర్యాదు ఇచ్చాం. రసీదు తీసుకున్నాం. ఒక కాపీ శాఖ పై అధికారులకు, ఇంకొకటి విజిలెన్స్‌కు పంపాం. అందులో ఎవరినీ దొంగ అనలేదు. రిజిస్టరులో ఉన్న సంఖ్య, ఆ ఇంటివాళ్లు రాసిచ్చిన సంఖ్య పక్కపక్కన పెట్టాం.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. సంస్థ మనుషులు మా స్కూలుకు వచ్చారు. బెదిరించలేదు, మర్యాదగానే మాట్లాడారు. "మీరిలా చేస్తే ఈ పథకం మన ఏరియాకు మళ్లీ రాదు మేడమ్. నష్టం మన ఆడవాళ్లకే" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు బాగా భయం ఉన్నది కూడా అక్కడే. పొదుపు సంఘం మీటింగులో ఈ మాటే పెట్టాను. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇస్త్రీ అక్క లేచి, "పథకం వాళ్లింట్లకెళ్లి వస్తలేదు కదా. ఎట్ల ఆగుతది?" అంది. ముందుకే వెళ్దామని తేల్చారు.

ఒకటి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పల్లెల్లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఉంటుంది. రిజిస్టరులో పేర్లు గ్రామసభలో అందరి ముందూ చదువుతారు, నేను చేయలేదు, నాకు రాలేదు అని అక్కడే చెప్పొచ్చు. ఈ పథకంలో అలాంటి ఏర్పాటే లేదు. కమ్యూనిటీ హాల్లో ఒక గంట కూర్చోబెట్టి ఆ జాబితా పైకి చదివి ఉంటే, మాకు ఇంత తిరుగుడు ఉండేదే కాదు.

విచారణకు ఒక అధికారి వచ్చారు. కొన్ని ఇళ్లకు మాతో కలిసి నడిచారు, వాంగ్మూలాలు రాసుకున్నారు, ఆడవాళ్ల చేత సంతకాలు చేయించుకున్నారు. సంస్థకు ఇవ్వాల్సిన ఆఖరి బిల్లు ఆపేశారని తర్వాత తెలిసింది. కొద్ది రోజులకే టెంపోలో బ్యాగులు దిగాయి! కమ్యూనిటీ హాలు ముందు పేర్లు పిలుస్తున్నారు, ఒక కాగితం మీద సంతకం అడుగుతున్నారు. ఫోన్ వస్తే పరిగెత్తాను. నేను వెళ్లేసరికే అక్కడ గొడవ. ఆ కాగితం మీద తేదీ పోయిన ఏడాదిది. మా వాళ్లు చదివి పట్టుకున్నారు. "బ్యాగులు తీస్కుంటం, ఈరోజు తారీఖేయ్యి" అని ఒక్క మాట మీద నిలబడ్డారు. టెంపో అతను ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి ఆ కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం మీద ఆ రోజు తేదీ వేసి ఇచ్చారు. దాన్ని ఫోటో తీసి విచారణ అధికారికి పంపాం.

ఇప్పటిదాకా ఇంతే. విచారణ నివేదిక కాపీ అడిగితే, దర్యాప్తుకు అడ్డు వస్తుందని సెక్షన్ 8(1)(హెచ్) కింద కుదరదన్నారు. దర్యాప్తు నడుస్తోందని చెబితే చాలదు, సమాచారం ఇస్తే దానికి ఎలా ఆటంకమో చూపించాలని 2007లో ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు పెట్టి మళ్లీ మొదటి అప్పీలు వేశాం. వేలిముద్రలు ఎవరివో పరీక్ష చేయించాలని పొదుపు సంఘం తరఫున విడిగా ఇంకో అర్జీ ఇచ్చారు. దాని మీద నా పేరు లేదు, జాబితాలో పేరున్న ఆడవాళ్లే సంతకాలు చేశారు. అప్పీలు విచారణ తేదీ రావాల్సి ఉంది.