స్క్రూ పోయినా పర్లేదు, రీలు ఫ్రేమ్ పోకూడదు

మెటల్ ఫ్రేమ్ ఉన్న గాలం రీలులో స్క్రూ పాడైందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఒకటే. తల పోయిందా, మరలు (స్క్రూ మీదా, అది దిగే రంధ్రంలోనూ మెలికలుగా ఉండే గీతలు) పోయాయా? తల పోతే గాడి గుండ్రంగా అరిగిపోయి, డ్రైవర్ తిరుగుతుంది గానీ స్క్రూ కదలదు. మరలు పోతే స్క్రూ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, ఎంత తిప్పినా బిగుసుకోదు. మొదటి రకంలో దెబ్బతిన్నది స్క్రూ మాత్రమే, రెండోదానిలో మాత్రం ఫ్రేమే దెబ్బతింది. స్క్రూ ఎక్కడైనా దొరుకుతుంది. తయారీ ఆగిపోయిన పాత రీలుకి ఫ్రేమ్ ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే రిపేరులో ఏ పని చేసినా, దీనివల్ల ఫ్రేమ్‌కి ఏమవుతుందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

అసలు ఇలా ఎందుకవుతుందంటే, ఫ్రేమ్ సాధారణంగా అల్యూమినియం, స్క్రూ స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండూ ఒకదానికొకటి తగిలి ఉండి మధ్యలో ఉప్పునీళ్లు చేరితే చిన్న బ్యాటరీలాగే పనిచేస్తాయి, అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. భూతద్దం పెట్టి స్క్రూ తల చుట్టూ చూడండి, తెల్లటి పొడి పేరుకుని కనిపిస్తుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల మధ్య ఇరుక్కుని స్క్రూని పట్టేస్తుంది. అలా పట్టేసిన స్క్రూని బలంగా తిప్పి బయటికి లాగితే స్క్రూ మరల్లో సన్నటి వెండి రంగు తీగ చుట్టుకుని వస్తుంది చూశారా, అది ఫ్రేమ్‌లోని మర. ఇక అక్కడ పట్టు ఉండదు.

రెండో కారణం డ్రైవర్. జపాన్ రీళ్లలో ప్లస్ గుర్తులా కనిపించే స్క్రూలు చాలావరకు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం, మామూలు ఫిలిప్స్ కావు. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ ఫిలిప్స్ డ్రైవర్ ఆ గాడిలో అడుగుదాకా కూర్చోదు, కాస్త బలం పెట్టగానే పైకి జారి అంచులు కొరికేస్తుంది. తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ అనుకోవచ్చు, చుక్క లేని జేఐఎస్ స్క్రూలు కూడా ఉంటాయి. రీళ్లు విప్పే ప్రతి ఒక్కరి దగ్గరా మంచి జేఐఎస్ డ్రైవర్ సెట్ ఒకటి ఉండాలని నేను గట్టిగా చెబుతాను, మిగతా పనిముట్లు తర్వాత కొనుక్కోవచ్చు.

తల పోయిన స్క్రూ దగ్గర తొందర పనికిరాదు. ముందు పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి పాకే పల్చటి నూనె) ఒక్క చుక్క, అదీ సూదితో స్క్రూ అంచున పెట్టి రాత్రంతా వదిలేయండి. స్ప్రే డబ్బాతో కొట్టకండి, ఆ నూనె లోపలికి పాకి డ్రాగ్ వాషర్లని (చేప లాగినప్పుడు దారానికి బ్రేకులా పనిచేసేవి) తడిపేస్తుంది, యాంటీ రివర్స్ బేరింగ్‌లోకి (హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపేది) వెళ్తే హ్యాండిల్ వెనక్కి జారడం మొదలవుతుంది. తర్వాత సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద ఆనించి వేడి చేయండి. ముందు స్క్రూ వ్యాకోచించి ఆ తెల్ల పొరని పగలగొడుతుంది, ఆ వేడి ఫ్రేమ్‌కి పాకాక అల్యూమినియం ఇంకా ఎక్కువ సాగుతుంది (డిగ్రీకి, మీటరుకి అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు, 304 స్టెయిన్‌లెస్ సుమారు 17), దాంతో రంధ్రం కాస్త వదులవుతుంది. మంట మాత్రం వద్దే వద్దు, లోపల ప్లాస్టిక్ ఉంది, గ్రీజు ఉంది. డ్రైవర్ మొనకి కొంచెం వాల్వ్ గ్రైండింగ్ పేస్టు (ఇంజిన్ వాల్వులు అరగదీసే గరుకు పేస్టు) రాస్తే అరిగిన గాడిలో కూడా పట్టు దొరుకుతుంది. నిలువుగా గట్టిగా నొక్కి ఉంచి, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి.

అయినా రాకపోతే నేను ఎక్స్‌ట్రాక్టర్ (పాడైన స్క్రూలో దూర్చి బయటికి తిప్పే పనిముట్టు) జోలికి పోను. మూడు మిల్లీమీటర్ల స్క్రూలో దూరే ఎక్స్‌ట్రాక్టర్ సూదంత సన్నగా ఉంటుంది, అది లోపల విరిగితే ఆ గట్టి స్టీలుని మామూలు డ్రిల్ ఏదీ కొరకదు. దానికి బదులు తలని డ్రిల్‌తో తీసేయడం మేలు. తల ఊడగానే సైడ్ ప్లేటు (రీలు పక్క మూత) బయటికి వచ్చేస్తుంది, బిగువు పోయింది కాబట్టి మిగిలిన కాడ చాలాసార్లు ప్లయర్స్‌తో పట్టుకుంటే చాలు తిరిగిపోతుంది. ఎవరో ముందే ప్రయత్నించి ఎక్స్‌ట్రాక్టరో ట్యాపో (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) లోపల విరగ్గొట్టి ఉంటే పటిక గుర్తుంచుకోండి. బేరింగులు, ప్లాస్టిక్ అన్నీ తీసేసి ఉత్త ఫ్రేమ్‌ని వేడి పటిక నీళ్లలో ఉంచితే మామూలు స్టీలు మెల్లగా కరిగిపోతుంది, అల్యూమినియం దాదాపు అలాగే ఉంటుంది. గడియారాలు బాగుచేసేవాళ్లు ఇత్తడిలో విరిగిన స్టీలు స్క్రూలకి వాడే పద్ధతే ఇది. స్టెయిన్‌లెస్ మీద మాత్రం పెద్దగా పనిచేయదు.

మరలు పోయిన రంధ్రం సంగతికొస్తే, డ్రిల్ పట్టుకునే ముందు సన్నటి తీగతో లోతు కొలవండి. చాలా రంధ్రాల్లో అసలు స్క్రూ అడుగుదాకా వెళ్లదు, కింద ముట్టుకోని మరలు మిగిలి ఉంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుగున్న స్క్రూ వేస్తే వాటిని పట్టుకుంటుంది. అల్యూమినియంలో స్క్రూ వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండింతల లోతు పట్టు ఉంటే నాకు ధైర్యం. స్క్రూ అడుగుకి మాత్రం తగలకూడదు.

అదీ లేకపోతే వైర్ ఇన్సర్ట్, అదే హెలికాయిల్. ఎం3 (మూడు మిల్లీమీటర్ల స్క్రూ) సైజుకి కిట్‌లో వచ్చే డ్రిల్ మూడు మిల్లీమీటర్ల కంటే కొంచెమే పెద్దది, దానికి జోడీ ట్యాప్‌తో కొత్త మరలు వేసి స్టీలు తీగ చుట్టని దింపుతాం. పాత స్క్రూ సైజే ఉంటుంది, అల్యూమినియం కంటే మరలు గట్టిగా ఉంటాయి. ట్యాప్ అరతిప్పు ముందుకి, పావుతిప్పు వెనక్కి. కిరసనాయిలు చుక్కలు వేస్తుంటే అల్యూమినియం ట్యాప్‌కి అంటుకోదు. రంధ్రం చుట్టూ గోడ పల్చగా ఉంటే పెద్ద సైజు ట్యాప్ కొట్టడం ప్రమాదం, గోడ పగులుతుంది. అలాంటి చోట, ఎక్కువ బరువు పడని స్క్రూ అయితే, మెటల్ ఎపాక్సీ (లోహపు పొడి కలిసిన, గట్టిపడే జిగురు) నింపి, గ్రీజు రాసిన స్క్రూతో అచ్చు తీయడమే నయం. డ్రాగ్ భారం మోసే చోట ఎపాక్సీని నేను నమ్మను.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూని ముందు విప్పే వైపు మెల్లగా తిప్పండి. ఒకచోట టక్‌మని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది, మర మొదలు దొరికిందన్నమాట, అక్కడి నుంచి బిగించండి. అడ్డదిడ్డంగా ఎక్కి కొత్త మరలు పాడయ్యే అవకాశమే ఉండదు. మరలకి మెరైన్ గ్రీజు పల్చగా రాయాలి. తరచూ వదులయ్యే స్క్రూ అయితే గ్రీజు వద్దు, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు, అదీ ప్లాస్టిక్‌కి తగలకుండా. సైడ్ ప్లేటు స్క్రూలన్నీ ముందు వేళ్లతో ఎక్కించి, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి, చివర్లో హ్యాండిల్ తిప్పి చూడండి. ఎక్కడైనా బరువుగా తిరిగితే ప్లేటు సమంగా కూర్చోలేదు, అన్నీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి.