బెజవాడ ఎండలో వీధి ఏ దిక్కుగా సాగాలి?
మే మొదటి వారంలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. 30 అడుగుల వీధి ఉత్తర దక్షిణాలుగా సాగి, ఇరువైపులా 45 అడుగుల ఎత్తు ఇళ్లుంటే, నేలకు నేరుగా ఎండ తగిలేది ఇంచుమించు తొమ్మిదిముప్పావు నుంచి రెండున్నర దాకానే. తూర్పు పడమరల వీధిలో మాత్రం పొద్దున ఎనిమిదికే సగానికి పైగా నేల ఎండలో ఉంటుంది, సాయంత్రం నాలుగు దాకా అంతే. అక్కడ చెట్లు నాటాల్సిందే. మొదలు దాకా సిమెంటు పోస్తే నీరింకక చెట్టు ఎండిపోతుంది. మన కాలనీల్లో జరిగేది అదే.

ఇరుకు వీధికి రాత్రిపూట ఇబ్బంది. పైన ఆకాశం కొంచెమే కనబడుతుంది కాబట్టి ఒక గోడ వదిలిన వేడిని ఎదుటి గోడ పీల్చుకుంటుంది. ఇళ్ల మధ్య సందులు మూసేయకండి, గాలి దూరాలి. ఆ సందుల్లోనే ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు బిగించడం మరీ అన్యాయం. వాటిని డాబా మీద పెట్టించండి.