గ్యారేజీలో మిర్రర్ పడవ

ఇంగ్లండ్‌లో పాత మిర్రర్ డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, దొరకడం కష్టమేమీ కాదు. ‘డైలీ మిర్రర్’ పత్రిక అండతో 1963లో బయటికొచ్చిన పడవ ఇది. పొడవు పదకొండు అడుగులకి రెండంగుళాలు తక్కువ. డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. చాలావాటికి ఇప్పుడు ఎవరి పెరట్లోనో చిరిగిన టార్పాలిన్ కిందే కాపురం. నేను కొన్నదీ అలాంటిదే. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, ‘‘ఏవండీ, ఇది నీళ్లలో తేలుతుందా, నీళ్లే ఇందులో తేలతాయా?’’ అంది.

దీన్ని రూపొందించిన ఇద్దరిలో జాక్ హోల్ట్ పడవల మనిషి, బ్యారీ బక్నెల్ టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే మనిషి. అందుకే వడ్రం రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా ఉంటుంది. ప్లైవుడ్ ముక్కల అంచులకి బెజ్జాలు వేసి రాగి తీగతో కుట్టడం, ఆ కుట్ల మీద ఫైబర్‌గ్లాస్ టేపు, రెజిన్ అనే గట్టిపడే జిగురు వేయడం. అంతే. విప్పడం మొదలుపెడితే ఎవరు ఎలా కట్టారో చదువుకోవచ్చు.

మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు. అక్కడి పలకల పడవ నీళ్లలో ఉంటేనే మంచిది, చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. ప్లైవుడ్ పడవది పూర్తిగా వేరే లెక్క. దీనికి తడే శత్రువు, అందులోనూ సముద్రపు నీటి కంటే వాననీరు. ఉప్పు చెక్కను తినే బూజుని కొంత ఆపుతుంది, వాననీటికి ఆ గుణం లేదు. మునగకుండా కాపాడే గాలి అరల మూతలు ఏళ్ల తరబడి బిగించి ఉంచడంతో లోపలి చెమ్మ బయటికి పోలేదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్తే మంచి చెక్క టక్‌టక్‌మంది, ముందున్న గాలి అర అడుగుభాగం మాత్రం అట్టపెట్టెలా మోగింది.

చివికిన చెక్కలోకి పల్చటి ఎపాక్సీ జిగురు ఇంకించి గట్టిపరచమని కొందరు చెబుతారు. నాకు నమ్మకం లేదు. మెత్తబడినదంతా కోసేశాను. ఐదు మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ అతుకు వేశాను. అతుకు అంచునీ పాత చెక్క అంచునీ మందానికి ఎనిమిది రెట్లు, అంటే నలభై మిల్లీమీటర్ల మేర, ఏటవాలుగా చిత్రిక పట్టాలి. ఓపిక పరీక్షించే పని ఇదే. నిట్టనిలువుగా కోసి అతికిస్తే తర్వాత ఆ గీత దగ్గరే విరుగుతుంది.

దానికి ముందు ఆరబెట్టడమే అసలు పని. మూతలన్నీ తీసి, గాలిలో చెమ్మ లాగేసే డీహ్యూమిడిఫైయర్ పెట్టి వారాల తరబడి వదిలేశాను. తడి చెక్కకి ఎపాక్సీ సరిగ్గా పట్టదు. నేను వాడే రకం పది డిగ్రీల లోపు గట్టిపడనంటుంది, కాబట్టి ఇక్కడి చలికాలం గోకుడుకే. పాత రంగులో సీసం ఉండొచ్చని తడి శాండ్‌పేపర్‌తో రుద్దాను, మాస్క్ లేకుండా గ్యారేజీలో అడుగుపెట్టలేదు.

రంగు, వార్నిష్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, డబ్బా మీద రాసినట్టు చేస్తే చాలు. ఎర్ర తెరచాపలు అరిగినా పనికొస్తాయి. తెరచాపలు కట్టే కొయ్యలన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి, కారు మీద కట్టుకుని పోవచ్చు. ఇక మిగిలింది డాగర్‌బోర్డ్, అంటే పడవ పక్కకి కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక, దిగే పెట్టె. మిర్రర్లలో కారడం తరచుగా అక్కడే మొదలవుతుంది. బకెట్‌తో నీళ్లు పోసి చూడాలి. ఈ వారం మాత్రం వాన.