1202 అన్న ఆ ఒక్క మాట

సాయంత్రం అమీర్‌పేటలో దిగి మెట్రో మారవలసిన నేను, చెవిలో ‘1202’ అన్న మాట వినబడగానే అలాగే కూర్చుండిపోయాను; తేరుకునేసరికి రైలు ఖైరతాబాద్‌లో ఆగి ఉంది.

వింటున్నది అపోలో 11కు యాభై ఏళ్లు నిండిన సందర్భంలో, 2019లో, బీబీసీ వరల్డ్ సర్వీస్ అందించిన ‘13 మినిట్స్ టు ది మూన్’ పాడ్‌కాస్ట్. చంద్రుని మీదికి దిగుతుండగా నౌకలోని కంప్యూటరుకు పని మితిమీరి ‘1202’ అన్న హెచ్చరిక వచ్చిందని ఎప్పుడో చదివాను. అయినా, అదేమిటో చెప్పమని అడుగుతున్న ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులోని తొందర నాకు ఏ పుస్తకంలోనూ వినబడలేదు. ముఖ్యమైన పనులను నిలుపుకొని మిగిలినవాటిని వదిలివేసేలా ప్రోగ్రాము రాసి ఉండడం వల్లనే, 2,048 పదాల (అంటే సుమారు నాలుగు కిలోబైట్ల) తాత్కాలిక మెమరీ మాత్రమే ఉన్న ఆ చిన్న యంత్రం చేతులెత్తేయకుండా తన పని కొనసాగించింది.

కొన్ని నెలలుగా సైన్స్ పాడ్‌కాస్టులు వెతుకుతూ, పది నిమిషాలు విని వదిలేసినవే ఎక్కువ. వాటిలో చాలావరకు వార్తను మళ్లీ చదివి వినిపించేవే. పని చేసినవారే మాట్లాడాలి, ఎక్కడ భయపడ్డారో కూడా చెప్పాలి; నేను వెతుకుతున్నది అదే.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన ఆ చివరి నిమిషాలను, కంట్రోల్ రూములో ఉన్న తెలుగు ఇంజినీర్ల నోటనే, తెలుగులోనే, తీరికగా వినాలని ఉంది. అటువంటిది ఎవరైనా విని ఉంటే దయచేసి పేరు చెప్పండి, రేపటి ప్రయాణంలో వింటాను.