స్టియరిక్ ఆమ్లం దేని నుంచి తీశారు?

మొన్న మార్చిలో మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోను చేసింది. పైడిభీమవరంలో మందుల కర్మాగారంలో ఇంటర్వ్యూ ముగించుకుని బస్సులో వస్తోంది. బిళ్లల్లో మెగ్నీషియం స్టియరేట్ ఎందుకు కలుపుతారని అడిగితే, పొడి అచ్చుకు అంటుకోకుండా అని చక్కగా చెప్పిందట. ఆ వెంటనే, "అందులోని స్టియరిక్ ఆమ్లం దేని నుంచి తీశారు?" అన్నారు. ఈమె నోరు పెగల్లేదు. "మేడం, ఇది మనం చదువుకోలేదు కదా" అంది.

నిజమే. విజయనగరంలో పదిహేనేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. అది పామాయిల్ నుంచీ రావచ్చు, పశువుల కొవ్వు నుంచీ రావచ్చు అని తరగతిలో ఒక్కసారీ అనలేదు. అది తెలియకపోతే ఆ బిళ్ల హలాలో (ఇస్లాం నియమాల ప్రకారం వాడదగ్గదో) కాదో చెప్పలేం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హలాల్ పరిశ్రమ అంటే మా పిల్లలకు మాంసం కొట్టే గుర్తొస్తుంది. కాని అందులో చాలా ఉద్యోగాలు ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చిందో జాడ తీసేవి. క్యాప్స్యూల్ తొడుగులోని జెలటిన్ ఏ జంతువుది? చీజ్ కోసం పాలు విరిచిన రెనెట్ ఎక్కడిది? సరఫరాదారు ఇచ్చిన పత్రం చదివి, అనుమానం వస్తే బ్యాచ్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లగలిగినవాళ్లు కావాలి.

మా పిల్లల్లో చాలామందిది శ్రీకాకుళం తీరం, ఇళ్లలో రొయ్యల చెరువులున్నాయి. రొయ్యకు వధ నియమం లేదు (తినవచ్చా అన్న దానిపై ఇస్లాంలోని హనఫీ సంప్రదాయ పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి). అదే రొయ్యకు పిండి, మసాలా పట్టించి ఎగుమతి చేస్తే ఆ పిండీ మసాలా లెక్కలోకి వస్తాయి. ఇండోనేషియా 2014లోనే హలాల్ ధ్రువీకరణకు చట్టం చేసింది. అక్కడి పెద్ద, మధ్యతరహా ఆహార సంస్థలకు 2024 అక్టోబరు 17తో గడువు తీరింది. వాళ్లకు సరుకు పంపేవారినీ ఈ ప్రశ్నలే అడుగుతారు.

అందుకే శనివారాలు ఒక గంట దీనికి కేటాయించాను. బాబామెట్ట దగ్గర మాంసం కొట్టు నడిపే ఒక విద్యార్థి తండ్రిని పిలిచాను. బిస్మిల్లా (అల్లా పేరు) చెప్పడం, గొంతూ రక్తనాళాలూ తెగడం, నెత్తురంతా కారే దాకా ఆగడం వివరించారు. "కత్తిని జంతువు కళ్ల ముందు నూరకూడదమ్మా" అన్నప్పుడు తరగతి నిశ్శబ్దమైపోయింది. మరో వారం మలేషియా హలాల్ ప్రమాణం ఎంఎస్ 1500 చదివాం. పంది పదార్థాలు తగిలిన యంత్రాన్ని ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో. మా అమ్మమ్మ గిన్నెలు మట్టితోనే తోమేది.

"నేను హిందువును, ఈ పనికి తీసుకుంటారా?" అని ఒకబ్బాయి అడిగాడు. ఉన్నదే చెప్పాను. ఏది హలాలో తేల్చేది మత పండితులు. ఇండోనేషియాలో సంస్థ తరఫు హలాల్ పర్యవేక్షకుడు ముస్లిమే కావాలి. కాని మాంసం ఏ జంతువుదో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చే ప్రయోగశాలలో, నాణ్యత విభాగంలో కావలసింది చదువే.

ఇంకొకమ్మాయి, "బిస్కెట్ కవరు మీద ఆకుపచ్చ చుక్క చాలదా?" అంది. ఎంత మంచి ప్రశ్న! పశువుల కొవ్వు లేదని ఆ చుక్క చెబుతుంది. సువాసన ద్రవ్యాన్ని ఆల్కహాల్‌లో కరిగించారా అన్నది చెప్పదు, హలాల్‌కు అదీ చూడాలి. ఇదే అడుగుతూ పిల్లలే ఎనిమిది సంస్థలకు ఉత్తరాలు రాశారు. మూడు జవాబులు వచ్చాయి. ఒకదానిలో, తమ వెనిల్లాకు ద్రావకం ప్రొపిలీన్ గ్లైకాల్ (మద్యంలో ఉండే ఆల్కహాల్ కాదు) అని స్పష్టంగా ఉంది. మిగతా ఐదింటికీ ఈ సోమవారం మళ్లీ రాస్తున్నాం.