11,350 దిర్హాములు సోంపేట చేరిన దారి

2025 ఫిబ్రవరిలో నేను కంచిలిలో రైలు దిగేనాటికి అబుదాబి కంపెనీ నాకు 11,350 దిర్హాములు బాకీ ఉంది. అందులో 4,600 ఆఖరి రెండు నెలల జీతం, తక్కిన 6,750 ఆరేళ్ల సర్వీసుకు రావలసిన గ్రాట్యుటీ. "నువ్వు బయల్దేరు, వారంలో వేసేస్తాం" అని క్యాంపు ఆఫీసులో చెప్పిన మాట నమ్మి విమానం ఎక్కాను. ఆ వారం తొమ్మిది నెలలు సాగింది.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక పల్లె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేశాక, మా ఇంట్లో మిగిలిన చెట్లు పది కూడా లేవు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, పైప్ ఫిట్టింగ్ నేర్చుకుని 2019 జనవరిలో అబుదాబి పక్కనున్న పారిశ్రామిక ప్రాంతం ముసఫ్ఫా చేరాను. వెల్డింగు, ఫిట్టింగు పనుల మీద గల్ఫ్‌కు ఎలా వెళ్లాలో మా వైపు పదో తరగతి కుర్రవాడిని అడిగినా చెబుతాడు. వచ్చేశాక అక్కడ మిగిలిపోయిన సొమ్మును రప్పించుకోవడం ఎలాగో చెప్పగలిగినవారు నాకు ఎదురుపడలేదు.

ముందు లెక్క సంగతి. ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజుల మూల వేతనం గ్రాట్యుటీగా ఇవ్వాలి. నా నెల జీతం 2,300 అయినా మూల వేతనం 1,500 మాత్రమే, అంటే రోజుకు 50. ఐదేళ్లకు 5,250, ఆరో ఏడాదికి 1,500. చేతికందే మొత్తం జీతం మీద లెక్క వేసుకుని "కంపెనీ మోసం చేసింది" అని గొడవపడి ఉత్త చేతులతో వచ్చినవారిని క్యాంపులో ఇద్దరిని చూశాను కాబట్టి, లెక్క విషయంలో నేను తొందరపడలేదు. తొందరపడింది సంతకం విషయంలో. పని మానేసిన పద్నాలుగు రోజుల లోపల బకాయిలన్నీ చెల్లించాలని చట్టం చెబుతుండగా, వీసా రద్దు కాగితం మీద "నాకు రావలసినవన్నీ అందాయి" అన్న వాక్యం కింద, ఒక్క దిర్హామూ అందకుండానే సంతకం చేశాను. నన్ను కాపాడింది ఒక్కటే: అకౌంటెంటు ఫోనులో పంపిన లెక్క చీటీ, దాని కింద "బ్యాలెన్స్ త్వరలో" అని ఆయనే రాసిన మాట. దాన్ని తుడిచేయకుండా ఉంచుకున్నాను.

మార్చిలో "నీ జీతం కార్డులో వేశాం, చూసుకో" అని కబురు వచ్చింది. అక్కడ జీతాలను ప్రభుత్వం కనిపెట్టి చూసే వేతన రక్షణ వ్యవస్థ ద్వారా చెల్లించాలి కనుక మాలాంటివారికి బ్యాంకు ఖాతా బదులు జీతం కార్డు ఇస్తారు. వీసాతో పాటే ఆ కార్డూ రద్దయింది. కార్డు యాప్ తెరుద్దామంటే ఓటీపీ అక్కడి నంబరుకు వెళుతుంది, ఆ సిమ్ అప్పటికే ఆగిపోయింది. మా పెరట్లో పనస చెట్టు కింద నిలబడి, రాని ఓటీపీ కోసం ఒక మధ్యాహ్నమంతా ఫోను చూస్తూ గడిపాను. వేసిన సొమ్ము కొన్నాళ్లకు తిరిగి కంపెనీకే పోయింది. ఈ ఒక్క కారణానికే, తిరిగొచ్చేవారు లెక్క తేలేదాకా అక్కడి సిమ్‌ను రోమింగులో బతికించుకోవాలని నేను ఎవరు అడిగినా చెబుతున్నాను.

ఇక నేరుగా ఇండియా ఖాతాకే పంపండి అన్నాను. కంపెనీ ఫారంలో ఐబాన్, అంటే అంతర్జాతీయ ఖాతా నంబరు, అనే గడి ఒకటి ఉంది. అక్కడి ఖాతాలకు అది 23 అక్షరాలు, అంకెల వరుస. మన దేశంలో ఐబాన్ లేదు. ఆ మాట నమ్మని అకౌంటెంటు మూడుసార్లు ఫారం తిప్పి పంపాడు. చివరికి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, బ్యాంకు చిరునామా, విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్ విడివిడిగా రాసి ఇచ్చాను. స్విఫ్ట్ కోడ్ ప్రతి శాఖకూ ఉండదు. మా సోంపేట శాఖకు లేదు, విశాఖపట్నంలో విదేశీ మారకం చూసే శాఖ కోడ్ ఇవ్వమని మేనేజరుగారు చెప్పారు.

అలా పంపిన సొమ్ము జూన్‌లో వచ్చి, నా ఖాతాలో పడకుండానే వెనక్కి వెళ్లిపోయింది. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంటే, పాసుపుస్తకంలో ఒకే ఒక్క అక్షరం ఉంది. పైగా నా పేరు ఒకచోట కలిపి, మరోచోట విడగొట్టి రాశారు. కౌంటరులోని ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, "ఏటి బాబూ, ఇద్దరూ నువ్వేనా?" అని అడిగింది. దానికి తోడు, నేను ఆరేళ్లూ డబ్బు అమ్మ ఖాతాకే పంపడం వల్ల నా ఖాతాలో రెండేళ్లకు మించి లావాదేవీ లేక అది నిద్రాణమైపోయింది. విదేశానికి వెళ్లేటప్పుడే దాన్ని ఎన్నారో ఖాతాగా, అంటే విదేశంలో ఉండేవారికి ఇక్కడ ఉండే ఖాతాగా, మార్చుకోవలసి ఉండెనన్న సంగతి కూడా ఆ రోజే తెలిసింది. ఆధార్, పాస్‌పోర్టు నకళ్లు ఇచ్చి పేరు సరిచేయించి, ఖాతాను మేల్కొలిపేసరికి జూలై గడిచింది.

ఈ లోపల కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది. అప్పుడు రెండు పనులు చేశాను. విదేశాల్లోని మనవారి ఫిర్యాదులను అక్కడి భారత ఎంబసీకి చేర్చడానికి మన విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, లెక్క చీటీ, కాంట్రాక్టు, వీసా రద్దు కాగితం జతపరిచాను. రెండోది, అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు. 2024 జనవరి నుండి 50,000 దిర్హాముల లోపు తగాదాలను ఆ మంత్రిత్వ శాఖే తేల్చవచ్చు, ఆ నిర్ణయాన్ని కోర్టు తీర్పులాగే అమలు చేయించవచ్చు. పని మానేసిన రెండేళ్ల దాకా ఫిర్యాదుకు గడువుంది. కోర్టు దాకా వెళ్లవలసి వస్తే లక్ష దిర్హాముల లోపు కార్మికుల దావాలకు ఫీజు లేదు. అయితే అక్కడ మన తరఫున ఒకరు నిలబడాలంటే ముక్తారునామా (పవర్ ఆఫ్ అటార్నీ) కావాలి; అది నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఎమిరేట్స్ కాన్సులేటు ముద్రలు దాటుకుని, అక్కడికి చేరాక మళ్లీ వారి విదేశాంగ శాఖ ముద్ర, అరబిక్ అనువాదం కూడా వేయించుకోవాలి. నేను నోటరీ దగ్గరే ఉండగా కంపెనీ దిగివచ్చింది. కదిలించింది ఎంబసీ ఉత్తరమో, మంత్రిత్వ శాఖ నోటీసో నేను చెప్పలేను. అకౌంటెంటు మాత్రం హఠాత్తుగా నన్ను "భాయ్" అనడం మొదలుపెట్టాడు.

నవంబరులో డబ్బు పడింది, అనుకున్నదానికి కొంత తరుగుతో. దారిలో మధ్యవర్తి బ్యాంకు తన ఖర్చు కోసుకుంది. ఫారంలో "ఖర్చులన్నీ పంపేవారివే" అన్న గడి దగ్గర టిక్కు పెట్టించుకుని ఉంటే ఆ కోత కంపెనీ మీద పడేది.

మధ్యలో, బ్యాంకుతో పనిలేకుండా చాటుగా డబ్బు చేరవేసే హుండీవాళ్ల బేరం కూడా వచ్చింది. "మీ కంపెనీ మా మనిషికి అక్కడిస్తే చాలు, సాయంత్రానికి బస్టాండు దగ్గర నోట్లు తీసుకో" అన్నారు. విదేశీ మారకం చట్టం (ఫెమా) ప్రకారం అది చట్టవిరుద్ధమన్నది ఒక సంగతి. మా చుట్టాలబ్బాయి ఒకడికి హుండీవాడు నగదు బదులు ఖాతాలో వేయించిన సొమ్ము ఎవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్నదని తేలి, ఖాతా మొత్తం స్తంభించిపోయింది. ఆ అబ్బాయి తల్లి పింఛను కూడా అందులోనే పడేది.

కంపెనీ బాకీ తీరింది కాని, గదిలో పక్క మంచం మీద పడుకున్న మిత్రుడికి ఇచ్చిన 3,000 దిర్హాముల చేబదులు ఇంకా తీరలేదు. అతనిది టెక్కలి వైపు, ఇప్పటికీ ముసఫ్ఫాలోనే ఉన్నాడు. చేబదులుకు మన చట్టంలో మూడేళ్లే గడువు, అయితే బాకీదారు దేశం బయట ఉన్న కాలాన్ని ఆ గడువులో లెక్కించరని శ్రీకాకుళంలో ఒక ప్లీడరుగారు చెప్పారు. కోర్టుకు వెళ్లే ఉద్దేశం నాకు లేదు. సంక్రాంతికి అతను తన ఎన్నారై ఖాతా నుండి వెయ్యి దిర్హాముల విలువైన రూపాయలు నా ఖాతాకు పంపి, "మిగతాది ఓవర్‌టైము పడ్డాక ఇస్తాను బావా, ఏటీ అనుకోకు" అని సందేశం పెట్టాడు. "అలాగే" అని జవాబిచ్చి, ఆ సందేశాన్ని మాత్రం తుడవకుండా ఉంచాను.