శుద్ధి నీటితో బత్తాయి: కత్తెర కాపులో తడి తగ్గించి చూసిన లెక్కలు

హైదరాబాదు శివారులోని మా నివాస సముదాయంలో ఆరు సాత్‌గుడి బత్తాయి చెట్లు ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి అయిన నీటి మీదే పెరుగుతున్నాయి. అన్నీ రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినవి కావడం కలిసివచ్చింది. జంబేరి నిమ్మ మీద కట్టినవై ఉంటే నీటి ఉప్పులోని క్లోరైడును ఇంతగా తట్టుకునేవి కావు. కుళాయి నీటి ఈసీ (ఎంత ఉప్పు ఉందో చూపే విద్యుత్ వాహకత) మీటరుకు 0.5 డెసీసైమన్ల దగ్గర ఉంటే, ఎస్టీపీ నీరు 1.4 చూపుతోంది. నేలలోని ఉప్పు ఇదే కొలతలో సుమారు 1.7 దాటితే బత్తాయి దిగుబడి తగ్గడం మొదలవుతుంది కనుక, మనకు మిగిలిన వెసులుబాటు చాలా తక్కువ.

తడి తగ్గిస్తే పండు నాణ్యత ఎలా మారుతుందన్న ప్రశ్న మీద స్పెయిన్‌లోని ముర్సియాలో చాలా పని జరిగింది. అక్కడి పరిశోధకులు గ్రేప్‌ఫ్రూట్, మాండరిన్ తోటలలో ఉప్పు ఎక్కువగా ఉన్న శుద్ధి నీటిని కాలువ నీటితో పోల్చడమే కాక, కాయ ఊరే రెండో దశలో తడిని సగానికి కోసి కూడా చూశారు. ముర్సియా వేసవిలో వాన దాదాపు పడదు కాబట్టి అది సాధ్యమైంది. చలికాలం చివర పూసే మన అంబే బహార్ కాపు ఊరి పక్వానికి వచ్చేది వానల్లోనే, అప్పుడు డ్రిప్ కట్టేసినా చెట్టు ఎండదు. జూన్, జూలైలలో పూసే కత్తెర కాపు మాత్రం డిసెంబరు తర్వాత పొడి వాతావరణంలో ముదురుతుంది కనుక, ప్రయోగానికి దానినే ఎంచుకున్నాను.

ఒక్కో చెట్టుకు గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు నాలుగు ఉన్నాయి. మూడు చెట్లకు రోజూ మూడు గంటలు, అంటే 48 లీటర్లు ఇచ్చి, మిగిలిన మూడింటికి డిసెంబరు మధ్య నుంచి గంటన్నరకు కుదించాను. డ్రిప్పర్లను తీసివేయలేదు, ఎందుకంటే తడిసే చోటు చిన్నదైతే దాని అంచున పేరుకునే తెల్లని ఉప్పు పొర వేర్ల మధ్యకు జరుగుతుంది. బంకతెగులు రాకుండా నీరు మొదలుకు తగలనివ్వలేదు. ఎస్టీపీ నీటిలో నత్రజని ఉండనే ఉంటుంది. కాయ ముదిరేటప్పుడు అది ఎక్కువైతే తొక్క మందమై రంగు ఆలస్యమవుతుంది కాబట్టి యూరియా పూర్తిగా మానేశాను.

కోత సమయంలో రిఫ్రాక్టోమీటర్‌తో రసంలోని తీపి కొలత అయిన బ్రిక్స్ చూస్తే పూర్తి తడి పండ్ల రసం 9.6, సగం తడి పండ్లది 10.7 వచ్చింది. ఇక్కడితో ఆగితే తడి తగ్గించడమే మేలనిపిస్తుంది. అయితే పది మిల్లీలీటర్ల రసంలో ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, 0.1 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణం కలుపుతూ గులాబీ రంగు నిలిచేదాకా చూస్తే, మొదటి రకానికి 9, రెండో రకానికి 11.5 మిల్లీలీటర్లు పట్టింది. దానిని 0.064తో గుణిస్తే ఆమ్లం 0.58, 0.74 శాతం. తీపి, పులుపుల నిష్పత్తి 16.6 నుంచి 14.5కు పడిపోయింది, అందుకే రుచి చూసిన ఇరుగుపొరుగు వారిలో ఎక్కువ మంది బ్రిక్స్ తక్కువ పండునే తియ్యగా ఉందన్నారు. సగం తడి కాయలు కాస్త చిన్నవి, రసమూ తక్కువే.

దీనికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. నేలలోని ఉప్పు వేర్లకు నీటిని అందనివ్వదు కాబట్టి శుద్ధి నీటితో పెరిగే చెట్టు కొంత దాహంతోనే ఉంటుంది. దాని మీద తడిని సగం చేస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. సగం తడి చెట్ల ముదురాకుల కొనలు మాడడం కూడా ఫిబ్రవరిలోనే కనిపించింది. ఆకులో బోరాన్ ఎంతుందో పరీక్షకు ఇచ్చాక గాని ఆ మాడుకు ఉప్పు ఒక్కటే కారణమని అనలేను, ఎందుకంటే డిటర్జెంట్ల ద్వారా బోరాన్ కూడా ఈ నీటిలోకి చేరుతుంది.

వచ్చే కత్తెర కాపులో తడి తగ్గింపును పాతిక శాతానికే పరిమితం చేసి, జనవరి నుంచి మొదలుపెడతాను. నెలకొకసారి కుళాయి నీటిని రెట్టింపుగా వదిలి ఉప్పును వేర్ల కిందికి దించుతాను. ఎండిన నేలకు ఒక్కసారిగా ఎక్కువ నీరు పడితే కాయలు పగులుతాయి గనుక, ఆ తడిని కూడా రెండు మూడు రోజులకు పంచి ఇవ్వాలి.